రెండో తాళంచెవి

హీయుమా ద్వీపంలో హెయ్‌కి వాహ్తెర్
పదకొండు చలికాలాలు ఒక్కడే రాసుకున్న లెక్క అది.
సముద్రం మీద మంచుకు రంధ్రం తొలిచి
కొలబద్ద దించి, గాలినీ చలినీ కలిపి
రేపు ఆ దారిన ఎంత బరువు పోవచ్చో చెబుతుంది.
పేరు మూరి. వాళ్ల కుక్క పేరే.

ఆ దారి మీద సీటుబెల్టు పెట్టుకోకూడదు,
మంచు విరిగితే తలుపు తోసి దూకాలి కదా.
నిదానంగా పోవచ్చు, వేగంగానూ పోవచ్చు,
మధ్య వేగంలో పోతే మాత్రం
అడుగున నీళ్లు అలలై లేచి
నీ చక్రాల కిందే పగుళ్లు పుడతాయి.
మా దగ్గరికొచ్చిన రోజు ఈ సంగతే రెండుసార్లు చెప్పాడు.
ప్రాజెక్టు గురించి అడిగితే
"అంతా లోపలే ఉంది, చూసుకోండి" అన్నాడు.

చూశాం.
ఇరవై వేల వరుసలు. పక్కన రాతలన్నీ ఎస్టోనియన్‌లో,
కొన్నిచోట్ల తిట్లు.
ఒక ఫంక్షన్ నెత్తిన: "ఇది ఎందుకు పనిచేస్తుందో 2014లో నాకు తెలుసు."
ఒక మూల ఏదో కంపెనీ కోడు, అడక్కుండా తెచ్చి అతికించింది.
పరీక్షలేవని అడిగితే
కుక్కను ముందు నడిపిస్తానన్నాడు.

ముగ్గురం పొదగడానికి కూర్చున్నాం.
పొదగడమంటే వెచ్చగా కప్పుకుని ఉండటమే అనుకుంటారు.
గుడ్డును రోజూ పక్కకు తిప్పకపోతే
లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోతుంది.
తిప్పాం.
అరువు కోడు పీకించాం. లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టించాం.
మూరి అనే పేరు ఏదో పంపుసెట్ల కంపెనీదని తేలి
ఎదిగిన పిల్లకు మళ్లీ బారసాల చేశాం:
యాతే. వాళ్ల మాటలో మంచుదారి.
కాకిపిల్ల కాకికి ముద్దు. రెండు వారాలు మాతో మాట్లాడలేదు.
కుక్క మాత్రం పాత పేరుకే పలికిందట.

ఓటింగు రోజు ప్లస్ ఒకటి, ప్లస్ ఒకటి, ప్లస్ ఒకటి.
యెల్లోనైఫ్ నుంచి ఒడెట్ బూషే: మైనస్ ఒకటి.
మైనస్ పెట్టినవాళ్లు కారణం చెప్పాలి, అది మా నియమం.
ఆమె ప్రశ్న రాసింది:
"హెయ్‌కి రేపు కొలవడానికి వెళ్లి తిరిగి రాకపోతే
తలుపు ఎవరు తీస్తారు?"

ఆ రాత్రి నాకు ఫోన్ చేసి అరిచాడు.
ఇంటి తాళం ఊరూ పేరూ తెలియనివాడికి ఇమ్మంటారేమని.
వింటూ కూర్చున్నాను.
నాదీ ఒక ప్రాజెక్టు ఉండేది,
నా ఒక్కదాని చేతిలో నిద్రలోనే పోయింది.
అది అతనికి చెప్పలేదు.

ఏడు నెలలు పట్టింది.
యాకుత్స్క్ బస్సు డిపోలో పనిచేసే అయ్తాల్ అనే కుర్రాడు
మొదట ఒక అక్షరదోషం దిద్దాడు.
తర్వాత, నది మంచులో ఉప్పుండదని
ఒక సమీకరణాన్ని మార్చాడు.
తాళంచెవి చేతికొచ్చాక, ఒకరోజు,
హెయ్‌కి పంపిన మార్పునే వెనక్కి పంపాడు,
మర్యాదగా, మూడు వాక్యాల్లో: పరీక్ష ఏదండీ అని.
హెయ్‌కి బయటికెళ్లి చీకటి పడేదాకా కట్టెలు కొట్టాడని
వాళ్లావిడ చెప్పింది.
నాలుగు రోజులకు పరీక్ష వచ్చింది.
ఒడెట్ తన మైనస్ తుడిచేసింది. సంబరమేం జరగలేదు.

ఈ ఏడు హీయుమా చుట్టూ సముద్రం గడ్డకట్టలేదు.
పోయినేడూ కట్టలేదు.
దారి తెరవని చలికాలంలో హెయ్‌కి రేవులో బల్ల మీద కూర్చుని
తానెన్నడూ చూడని లేనా నది కొలతలు చదువుతాడు:
నిన్న అరవై ఒకటి. ఈ ఉదయం అరవై నాలుగు.
బస్సులు పోవచ్చు.

"మధ్య వేగంలో పోవద్దని డ్రైవర్లకు చెప్పారా?"
అని నన్నడుగుతాడు.
అయ్తాల్‌ని అడగమంటాను.